అన్న నోరు, తమ్ముడి చెయ్యి

సిరుగుప్ప సంతలో ఒక పొద్దున కోదండరామి ఒక మనిషి పళ్ళు రాలగొట్టాడు. ఆ మనిషి చేసిన పాపమల్లా టీ అంగడి ముందు కూర్చుని, కోదండరామి "చ... చ... చా" అంటూంటే తనూ మెడ చాచి "చ... చ... చా" అనడమే. చాయ్ రాకముందే నెత్తురు వచ్చింది. బెంచీ తిరగబడింది, గ్లాసులు దొర్లాయి, పక్కన గాజులవాడు బండి లాక్కుని పారిపోయాడు. జనం మూగేసరికి కోదండరామి రొప్పుతూ నిలబడి ఉన్నాడు, ఎదుటివాడు నోరు పట్టుకుని నేల మీద ఉన్నాడు. అప్పుడు ఎడ్ల సంత వైపు నుంచి అతని అన్న మాధవరెడ్డి పంచె ఎగగట్టుకుని వచ్చి, నలుగురినీ చూసి నవ్వాడు. "ఏంలేదప్పా, మావోనికి నోటి కంటే చెయ్యి ముందు వస్తాది. మీకు తెలీందేముంది" అన్నాడు. తెలిసిందే కాబట్టి జనమూ నవ్వారు. పళ్ళు పోయినవాడు తప్ప అందరూ నవ్వుకుంటూ ఎవరి పని మీద వాళ్ళు పోయారు.

కెంచనగుడ్డకు ఎగువన, తుంగభద్ర ఒడ్డున ఉన్న పల్లె వాళ్ళది. తాతల నాటి నుంచి భూములున్న రెడ్ల ఇల్లు. తండ్రి పోయాక పెత్తనం మాధవరెడ్డిది. ఆ అన్నదమ్ముల సంగతి చెప్పమంటే ఊళ్ళో ఎవరైనా ఒకటే చెప్పేవారు, అన్నది నోరు, తమ్ముడిది చెయ్యి అని. పంచాయితీలో, కచేరీలో, వడ్ల మిల్లులో మాట మాధవరెడ్డి మాట్లాడేవాడు. ఆ మాట చెల్లని చోట తమ్ముడి వైపు ఒక చూపు చూసేవాడు. ఆ పైన ఎవరి ఎముక విరిగినా తమ్ముడి తిక్క కోపం కింద పోయేది, అన్న పెద్దమనిషిగానే మిగిలేవాడు. ఎంత సుఖమైన ఏర్పాటో చూడండి.

పుట్టడం మాత్రం ఆ ఏర్పాటు ప్రేమలోనే పుట్టింది. కోదండరామి పలక పట్టిన కొత్తలో, వాడి నత్తిని వాతతో పోగొట్టాలని తండ్రి ఒక నాటు వైద్యుణ్ణి పిలిపించాడు. పిల్లవాణ్ణి మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. వైద్యుడు పసుపుకొమ్మును ఆముదపు దీపంలో ఎర్రగా కాల్చి నాలుక మీద ఆనించాడు. చర్మం కాలిన వాసన ఇల్లంతా కమ్మింది. తల్లి నాగలక్ష్మమ్మ వంటింట్లో చెవులు మూసుకుని కూర్చుంది. మాధవ అప్పటికి తానూ పిల్లవాడే. ఎక్కణ్ణుంచో దూసుకొచ్చి వైద్యుడి ముంజేతిని నెత్తురొచ్చేలా కరిచాడు. అందుకు తండ్రి పలుపుతాడుతో వాడి వీపు చీరేశాడు. ఆ సాయంత్రం గడ్డివామి వెనక, ఒకడు వీపుతో, ఒకడు నాలుకతో పొర్లుతూంటే, "ఇంక నువ్వు మాట్లాడద్దురా రామీ. నీ మాట నేను మాట్లాడతా" అన్నాడు మాధవ. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎంతగా నిలబెట్టుకున్నాడంటే, పెద్దయ్యేసరికి తమ్ముడు నోరు తెరిస్తే చాలు, రెండో అక్షరం అన్నే అందుకునేవాడు. చెప్పదలచింది అది కాకపోయినా కోదండరామి తల ఊపేవాడు. కాదని చెప్పాలంటే మళ్ళీ నోరు తెరవాలి కదా.

మాట రాదని అనడం తప్పు. మాటలన్నీ లోపల ఉన్నాయి, వరసగా, కడిగిన గిన్నెల్లా. ఏ మాట దగ్గర గొంతు బిగుస్తుందో అతనికి ముందే తెలిసిపోయేది. ఆ మాట రాకముందే చంకల్లో చెమట పట్టేది. 'ప' ఎప్పుడూ పగబట్టేది. అందుకని పాలు అనలేక కన్నడంలో హాలు అనేవాడు, పల్లె అనలేక హళ్ళి, పండు అనలేక హణ్ణు. రెండు భాషల ఊళ్ళో పుట్టడం వల్ల దక్కిన లాభం అదొక్కటే. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో తెలుగువాళ్ళకు కన్నడ మాటంటేనే మండేది. "ఏమప్పా, మైసూరోళ్ళల్లో కలిసినావా?" అని ఒకడు అడిగాడు. అది భాష మీద మోజు కాదు, గొంతు తిప్పలు అని చెప్పడం ఎలాగో తెలియక కోదండరామి వాణ్ణీ కొట్టాడు.

కొట్టినప్పుడు బాగుండేది, అబద్ధమెందుకు. గొంతులో బిగుసుకున్నది భుజంలోంచి బయటికి పోయేది. ఆ తర్వాత మాత్రం నరకం. కొట్టంలో గడ్డి మీద పడి, అన్నానికి లేవకుండా, నాలుకను పళ్ళ మధ్య పెట్టి నెత్తురు రుచి తెలిసేదాకా నొక్కేవాడు. తనంటే తనకు అసహ్యం. చావాలని ఒకసారి తుంగభద్ర మడుగులోకి మెడలోతు దాకా దిగాడు. మునిగేటప్పుడు కేక వెయ్యలేక చచ్చినాడు అని ఊరు నవ్వుతుందన్న తలపొచ్చి, మండిపడి వెనక్కి వచ్చేశాడు. కోపమే అతణ్ణి బతికించింది. పెళ్ళి మాత్రం కాలేదు. పిల్లను చూడబోతే పిల్ల మేనమామ పేరడిగాడు. పేరుకు కన్నడంలోనూ మారుమాట లేదు. "కో... కో..." అంటూంటే ఆ మేనమామ, "కోడిని పిలుస్తాండాడా?" అన్నాడు. ఆ మేనమామ ఇప్పటికీ ఒక చెవి వినపడక తిరుగుతున్నాడు.

కాలువ వచ్చాక కోస్తా నుంచి సుబ్బరాయుడనే రైతు వచ్చి వాళ్ళ మడులకు ఎగువన భూములు కొన్నాడు. వరి బాగా తెలిసినవాడు. ఇద్దరికీ నీళ్ళు ఒకే తూములోంచి, వంతుల మీద. సుబ్బరాయుడి తరఫున ఆ తూము కాసేవాడు గాళెప్ప. ఊరివాడే, పెళ్ళాం హొన్నమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. కోదండరామి జీవితంలో భయం లేకుండా నత్తిగా మాట్లాడింది ఈ గాళెప్పతోనే. మాట బిగుసుకుంటే గాళెప్ప నోటివంక చూసేవాడు కాదు, అందించేవాడూ కాదు. బీడీ ముట్టించి నీళ్ళ వంక చూస్తూ కూర్చునేవాడు. మాట వచ్చినప్పుడు వచ్చేది. మడుగు సంగతి కోదండరామి చెప్పింది ఆ ఒక్కడికే. గాళెప్ప అంతా విని, "నీళ్ళల్లో పడద్దు చిన్నరెడ్డీ. తూము కాడ అడ్డం పడితే పీకాల్సింది నేనే" అన్నాడు. కోదండరామి ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాడు.

వరి పొట్ట మీదుండగా కాలువలో నీళ్ళు సన్నగిల్లాయి. ఎండ నడినెత్తిన ఉన్న వేళ మాధవరెడ్డి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తూము దగ్గరికి వచ్చాడు. రెడ్ల వైపు తూము పలక దించి ఉంది. నీళ్ళన్నీ సుబ్బరాయుడి మడుల్లోకి పోతున్నాయి.

"పలకెత్తు" అన్నాడు మాధవరెడ్డి.

"ఈ పొద్దు వంతు మాదప్పా. పొద్దు మునిగినాంక నేనే ఎత్తుతా" అన్నాడు గాళెప్ప లేచి నిలబడి.

"నాకే వంతులు చెప్పేంత పెద్దోనివైతివా?" అని మాధవరెడ్డి చెంప మీద కొట్టాడు. గాళెప్ప తూలి, మళ్ళీ పలక మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "చిన్నరెడ్డినే అడుగప్పా. వంతు ఎవరిదో ఆయప్పకు తెలుసు" అన్నాడు.

మాధవరెడ్డి తమ్ముడి వైపు ఆ చూపు చూశాడు. కోదండరామి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ చూపుకు కదలకపోవడం అదే మొదలు.

"ఏందిరా నిలబడినావ్? కొట్టు."

వాళ్ళ వంతేనన్నా, వద్దు అనాలి. 'వ' దగ్గర గొంతు మూసుకుపోయింది. "వ... వ..." మెడ నరాలు ఉబ్బాయి, కన్ను అదిరింది. "నీ మాట కోసం కాచుకోనుంటే పైరు ఎండిపోతాది" అని మాధవరెడ్డి గట్టు మీదున్న పార అందుకున్నాడు. వద్దు అనడానికి కోదండరామి గొంతు అలవాటుగా కన్నడం వైపు తిరిగింది. "బేడ!" అన్నాడు. ఏ తడబాటూ లేకుండా, గంట కొట్టినట్టు వచ్చింది. అప్పటికే పార దిగిపోయింది. గాళెప్ప తల పక్కకు చీలి, మనిషి పలక మీదుగా నీళ్ళలోకి జారాడు.

కోదండరామి దూకి లేపాడు. తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తురు వేడిగా పంచె అంతా తడిపింది. గాళెప్ప పెదవులు కదిలాయి, ఏదో చెప్పాలని. లోకంలో ఆ మాట కోసం కనిపెట్టుకుని ఉండడం తెలిసినవాడు ఒక్క కోదండరామే. ఉన్నాడు. ఆ మాట రాలేదు.

గట్టు మీద మాధవరెడ్డి పార వంక చూసి, అది తన చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలియనివాడిలా విసిరేశాడు. "రామీ, లెయ్. లెయ్‌రా నాయనా" అని వణికిపోతూ పిలిచాడు. కాలువలో చేతులు కడుక్కున్నాడు. పై మడిలో కలుపు తీసే ఆడవాళ్ళు వచ్చి కెవ్వుమన్నారు. వాళ్ళు చూసింది ఒళ్ళంతా నెత్తురుతో ఉన్న కోదండరామిని. మాధవరెడ్డి వాళ్ళను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. అన్న ముఖంలో ఏదో లెక్క తేలిపోవడం కోదండరామి కళ్ళారా చూశాడు. మాధవరెడ్డి నెత్తి కొట్టుకుని, "అయ్యయ్యో, ఎంత పని చేసినాడమ్మా!" అన్నాడు.

సుబ్బరాయుడి మనుషులు కర్రలతో వచ్చారు. కొట్టిన చోట కొట్టకుండా కొట్టారు. కోదండరామి తిరిగి చెయ్యెత్తలేదు. "నా మనిషిని పొట్టన పెట్టుకున్నాడండీ! పశువండీ వీడు, పశువు!" అని సుబ్బరాయుడు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి ఊరిదేవత సుంకులమ్మ కట్ట దగ్గర రాతికంభానికి కట్టేశారు. గాళెప్పను ఎదురుగా చాప మీద పడుకోబెట్టారు. హొన్నమ్మ పొలం నుంచి బురద కాళ్ళతోనే పరుగెత్తి వచ్చింది. ఏడవలేదు. మొగుడి తల చీలికను చెంగుతో కప్పి, ఆ చెంగు కదలకుండా చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది.

సిరుగుప్పకు కబురు పోయింది. జీపు వచ్చేలోగా ఊరు చెయ్యాల్సింది ఒకటుంది. ఆ ఊళ్ళో కొట్లాటలు కొత్త కాదు. పోలీసులకు మనిషిని అప్పగించేది ఊరే, అప్పగించే ముందు సుంకులమ్మ ఎదుట మాట తీసుకునేదీ ఊరే. అరచేతిలో తమలపాకు, ఆకు మీద కర్పూరం. వెలుగుతున్న కర్పూరం ఆరకముందే, నాలుక తడబడకుండా జరిగింది చెప్పి పిడికిలి మూసి ఆర్పెయ్యాలి. తడబడితే అమ్మ నాలుక పట్టుకున్నట్టు లెక్క. ఆ తర్వాత ఇక మాట ఉండదు. జీపు దిగిన వాళ్ళకు ఊరంతా ఒకే పేరు చెబుతుంది.

ఊరి పెద్ద పాపిరెడ్డి కట్లు విప్పించి, కోదండరామి అరచేతిలో కర్పూరం వెలిగించాడు. "చెప్పప్పా" అన్నాడు.

"నే... నే... నే..."

మంట ఎగిరింది. కొట్టలేదు అన్న మాట లోపల స్పష్టంగా ఉంది. ఇంతమంది కళ్ళు నోటి మీద పడేసరికి దవడ బిగిసి, తల పక్కకు లాక్కుపోయింది. ఎవరో వెనక కిసుక్కుమన్నారు, చావు ముందర కూడా. కర్పూరం సగమైంది. అప్పుడు మాధవరెడ్డి ముందుకొచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "వాని మాట నేను చెప్తా పెద్దప్పా" అన్నాడు.

"చెప్పు. ఎప్పుడూ నువ్వే గదా" అన్నాడు పాపిరెడ్డి. ఒక్కరికీ అందులో తప్పు తోచలేదు. పొలం కాగితాల దగ్గర, పెళ్ళిచూపుల్లో, గుడి సంకల్పంలో తమ్ముడి మాట అన్న నోట విని విని ఊరి చెవులు అలవాటు పడిపోయాయి.

మాధవరెడ్డి కళ్ళు మూసుకున్నాడు. "తల్లీ, కొట్టినాను. కోపంలో కొట్టినాను. చంపల్లని కొట్టలే. ఏమనే నోరు లేక చెయ్యి లేసింది. తప్పయింది తల్లీ" అన్నాడు. గొంతులో ఏడుపు కూడా పలికింది. తమ్ముడి వేళ్ళను తానే మడిచి పిడికిలి మూశాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఊరంతా నిట్టూర్చింది, ఒక పని అయిపోయినందుకు.

ఇన్నేళ్ళు తన మాటలు అన్న నోట్లో తిరుగుతుంటే మోసేవాడు దొరికాడనుకున్నాడు కోదండరామి. ఈ రోజు ఆ అన్న వాటితోనే ఉరి పేనుతున్నాడు. మాధవరెడ్డి చెవి దగ్గర వంగి, ఎవరికీ వినపడకుండా, "ఒప్పుకోరా రామీ. లాయర్ని పెడతా, నాలుగేండ్లకు వస్తావ్. నాకు పిల్లలుండారు. నీకేముందిరా? మాటా లేదు, పెండ్లామూ లేదు" అన్నాడు.

అంతే. రెండు చేతులూ లేచి అన్న గొంతు పట్టుకున్నాయి. ఇద్దరూ కట్ట మీంచి కింద పడ్డారు. కోదండరామి మోకాలు అన్న రొమ్ము మీద నొక్కి, బొటనవేళ్ళు గొంతులో దించాడు. మాధవరెడ్డి కళ్ళు ఉబికాయి, నాలుక బయటికొచ్చింది. కర్రలు వీపు మీద పడుతున్నాయి, తలమీద పడుతున్నాయి, అతనికి తెలియలేదు. "చూసినారా! సొంత అన్ననే!" "ఇట్లే చంపింటాడు గాళెప్పను!" అని అరిచారు. ఆ అరుపు మాత్రం లోపలికి పోయింది. నిజమే, ఊరు కావాలనుకున్న సాక్ష్యం తన పది వేళ్ళతో తానే ఇస్తున్నాడు. ఈ చేతులు ఉన్నంతకాలం ఈ నోటిని ఎవరూ నమ్మరు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. తన చేతుల్ని తాను వెనక్కు లాక్కోవడం పారతో గండి పూడ్చడం కంటే కష్టమైంది. నెత్తి నుంచి నెత్తురు కళ్ళలోకి కారుతుండగా లేచి, పాపిరెడ్డి ముందు కాలిన అరచెయ్యి చాపాడు. ఇంకో కర్పూరం బిళ్ళ పెట్టమని.

"కుదరదప్పా. ఒకసారి చెప్పినాంక అయిపోయినట్లే" అన్నాడు పాపిరెడ్డి.

అప్పటిదాకా కదలని హొన్నమ్మ లేచింది. "చచ్చింది నా మొగుడు. వినాల్సింది నేను. మీకు వినే ఓపిక లేకపోతే ఇండ్లకు పొండి" అన్నది. కర్పూరం పొట్లం పాపిరెడ్డి చేతిలోంచి లాక్కుని, కోదండరామి అరచేతిలో బిళ్ళ పెట్టి తానే వెలిగించింది. ఆకు పెట్టలేదు. "హేళప్పా, చెప్పు. నా మొగుణ్ణి నువ్వు చంపింటే ఈ చెయ్యి కాలిపోనీ. చంపకపోయింటే కాలినా చెప్పు."

"నే... నే... నేను కొ..." అనగానే మాధవరెడ్డి గొంతు సవరించుకుని, "కొట్టినానంటాండాడు గదా తల్లీ" అన్నాడు. "నువ్వు నోరు ముయ్!" అని హొన్నమ్మ కసిరింది. పక్కన పడున్న చెప్పు చేతికి తీసుకుంది. కూలిమనిషి రెడ్డిని అంత మాట అనడం ఆ ఊరు ఎన్నడూ వినలేదు. మాధవరెడ్డి నోరు నిజంగానే మూతపడింది.

కర్పూరం ఆరిపోయింది. హొన్నమ్మ ఇంకో బిళ్ళ వెలిగించింది. అదీ ఆరింది. మళ్ళీ పెట్టింది. ఆమెకు అతని మీద జాలి లేదు, నిజం కావాలి. అరచేతి చర్మం బొబ్బలెక్కి, బొబ్బలు చిట్లి, నీరు కారి మంట చిటపటలాడింది. కోదండరామి చెయ్యి దించలేదు. తల లాక్కుపోతోంది, దవడ వంకర పోతోంది, నోటి మూల నుంచి ఉమ్ము కారుతోంది. ఇన్నేళ్ళు ఎవరు చూస్తారోనని దాచుకు తిరిగిన ముఖం అది. ఈ రోజు ఊరంతా చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాడు మొదటిసారి.

"నే... నేను కొ... కొట్టలే. అ... అ... అన్న కొట్టినాడు. పా... పా..." పారతో అనాలి. 'ప' మళ్ళీ పగబట్టింది. తప్పుకుపోలేదు, దాంతోనే కలబడ్డాడు. "పా... పారతో. వ... వద్దనల్లని చూస్తి. ఆ... ఆ మాట రాలేదమ్మా. రా... రాలే." అప్పుడు ఏడ్చాడు, నోరు తెరుచుకుని, పెద్దగా. పిడికిలి మూసి మంట ఆర్పాడు.

ఎవరూ నవ్వలేదు. పాపిరెడ్డి, "తడబడినాడు గదమ్మా. కట్టుబాటు ప్రకారం ఇది చెల్లదు" అని గొణిగాడు. మాధవరెడ్డి ముందుకొచ్చి కుడిచెయ్యి చాపాడు, "నాకూ పెట్టండి" అని. ఆకు పెట్టారు, కర్పూరం పెట్టారు. "అమ్మా సుంకులమ్మా, గాళెప్పను నేను కొట్టలేదు. నా చెయ్యి వాని మీద పడలేదు. అబద్ధమైతే నా వంశం నిలవదు" అన్నాడు. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాలేదు. మంట అరచేతికి తగలకముందే ముచ్చటగా పిడికిలి మూశాడు. ఊరు తల ఊపింది. తేలిపోయింది.

హొన్నమ్మ ఆ నున్నటి చేతిని చూసింది, ఈ మాంసం తేలిన చేతిని చూసింది. జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగితే అందరికంటే ముందు తానే ఎదురుపోయింది. ఇన్‌స్పెక్టరు ధారవాడ వైపు మనిషి, తెలుగు అంతంత మాత్రం. పాపిరెడ్డి ఊరి మాట చెప్పబోతూంటే ఆమె కన్నడంలో అడ్డుపడి, మాధవరెడ్డిని వేలుపెట్టి చూపించింది. ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని కోదండరామి ముందుకొచ్చాడు. "యారప్పా హొడెదద్దు? ఎవరు కొట్టింది? నువ్వే చెప్పు" అన్నాడు.

ఇంతలో నాగలక్ష్మమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. కొడుకు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "నాయనా, ఒక్క మాట మింగరా. ఇన్ని మింగినావు, ఈ ఒక్కటీ మింగు. వాడు పోతే ఇల్లు పోతాది. నీ కోసం దెబ్బలు తిన్నోడు రా వాడు" అంది. నిజమే, తిన్నాడు. పలుపుతాడు చప్పుడు కోదండరామికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊరుకోవడం ఎంత సులువో అతనికంటే తెలిసినవాడు లేడు. ఇన్‌స్పెక్టరు కనిపెట్టుకుని ఉన్నాడు. ఊరంతా నోళ్ళు మూసుకుని కనిపెట్టుకుని ఉంది. పుట్టినప్పటి నుంచి ఇట్లాంటి నిశ్శబ్దం కోసమే తపించాడు. అది ఇప్పుడు వచ్చింది, అన్నను ఉరికంబం ఎక్కించడానికి వచ్చింది.

తల్లి చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"మా... మా... మాధవరెడ్డి" అన్నాడు. ముందు అన్న అనలేదు, తర్వాత అన్నాడు. "మా అన్న మాధవరెడ్డి. నే... నేను చూసినా."

నాగలక్ష్మమ్మ కొడుకు చెంప పగిలేలా కొట్టింది. ఇంకోసారి కొట్టింది. తర్వాత కూలబడిపోయింది. మాధవరెడ్డి పారిపోబోయాడు. సుబ్బరాయుడి మనుషులే పట్టుకుని మొహం మీద గుద్దారు. ఇందాక కోదండరామిని కొట్టిన కర్రలే ఇప్పుడు అటు తిరిగాయి. పోలీసులు విడిపించేసరికి ముక్కు చిట్లి, చొక్కా చినిగి, పెద్దమనిషి ఆనవాలు ఒక్కటీ మిగలలేదు. బేడీలు వేసి జీపు వెనక కూర్చోబెట్టారు.

కోదండరామి జీపు దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో తెలియదు. మాధవరెడ్డి నెత్తురు ఉమ్మి, తమ్ముడి కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

"ఇంత మాట చెప్పేదానికి నీకు నోరుండాదిరా? మరి ఇన్నేండ్లు అంతా నాతోనే ఏల చెప్పిచ్చినావు?"

దానికి జవాబు ఉంది. కోదండరామి నోరు తెరిచాడు. "నువ్... ను... ను..." మాధవరెడ్డి పెదవులు అలవాటుగా కదిలాయి, అందించబోయి ఆగాయి. ఆ ఒక్కసారి ఆగాయి. డ్రైవరుకు ఇవేం తెలుసు? జీపు కదిలింది. కోదండరామి జీపు వెంట పరుగెత్తాడు, కాలిన చేత్తో వెనక తలుపు పట్టుకుని. "ను... నువ్వు ఆ... ఆ..." కాలిన చర్మం ఇనుముకు అంటుకుని ఊడింది. చెయ్యి జారింది. బోర్లా పడ్డాడు. జీపు కాలువ వంతెన దాటి, సిరుగుప్ప దారి పట్టింది. అతను దుమ్ములో మోకాళ్ళ మీద లేచి, వినేవాళ్ళెవరూ లేకపోయినా, ఆ మాటను వదల్లేదు.

"నువ్వు ఆ... ఆగింటే నేనే చెప్పేవాణ్ణి గదన్నా" అన్నాడు.